నగరానికి దగ్గర్లో చీకటి ఆకాశం: చోటు ఎలా వెతుక్కోవాలి?

"ఎంత దూరం వెళితే పాలపుంత కనిపిస్తుంది?" ఆకాశం చూసే అలవాటు ఉందని తెలిస్తే చాలు, ఎవరైనా మొదట అడిగేది ఇదే. ఏదో ఒక అంకె చెప్పేయడం తేలికే గానీ, దానితో మీకు పని జరగదు. ఒకే నగరానికి ఒక వైపు 50 కిలోమీటర్లు వెళితే చక్కటి ఆకాశం దొరకొచ్చు. ఇంకో వైపు 90 వెళ్ళినా ఆ నారింజ మసక వదలకపోవచ్చు. దారిలో ఏ ఊళ్ళున్నాయి, హైవే ఎటు పోతోంది, మధ్యలో కొండ అడ్డుందా, మీరు చూడాలనుకున్నది ఏ దిక్కున ఉంది, వీటిని బట్టి లెక్క మొత్తం మారిపోతుంది.

అందుకే ఇక్కడ అంకె కాదు, పద్ధతి చెబుతున్నాను. మ్యాప్ ముందు ఒక సాయంత్రం, రోడ్డు మీద ఒక పగలు, అక్కడే ఒక చీకటి రాత్రి. ఈ మూడూ పెడితే మీకంటూ ఒక చోటు దొరుకుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. చంద్రుడు, గురుడు, శని, శుక్రుడు, జంట నక్షత్రాలు ఇవి చూడ్డానికి చీకటి అక్కర్లేదు. మేడ మీద నుంచే చూడొచ్చు. చీకటి కావలసింది పాలపుంతకి, ఉల్కాపాతాలకి, తోకచుక్కలకి, నెబ్యులాలకి, గెలాక్సీలకి. శని వలయాల కోసం వంద కిలోమీటర్లు కారు నడపకండి.

కావలసినవి

ఇంటర్నెట్ ఉన్న ఫోనో కంప్యూటరో, ఆఫ్‌లైన్‌లో దించుకున్న మ్యాపు, స్టెల్లారియం లాంటి ఆకాశ పటం యాప్, దిక్సూచి (ఫోన్‌లోదైనా సరే), ఎర్ర కాంతి టార్చి, మామూలు తెల్ల టార్చి ఒకటి, చిన్న నోటు పుస్తకం, చాప లేదా వెనక్కి వాలే కుర్చీ, బూట్లు, అనుకున్నదానికంటే ఒకటి ఎక్కువ దుప్పటి. వెంట ఇంకో మనిషి.

ఎర్ర టార్చి కొనక్కర్లేదు. ఎర్ర సెల్లోఫేన్ కాగితాన్ని మూడు నాలుగు మడతలు పెట్టి, తెల్ల టార్చికి రబ్బరు బ్యాండుతో కట్టండి. చీకటి గదిలో వెలిగించి చూడండి. అంచుల నుంచి తెల్ల వెలుతురు కారుతోందంటే మళ్ళీ కట్టాలి. పుస్తకంలో అక్షరాలు కష్టపడితే కనిపించేంత వెలుగు చాలు. ఎర్రదైనా సరే, మరీ ప్రకాశంగా ఉంటే చీకటికి అలవాటు పడ్డ కళ్ళు ఆ అలవాటు పోగొట్టుకుంటాయి.

టెలిస్కోపు? మొదటిసారి వద్దు. చోటు మంచిదో కాదో కళ్ళతోనే తెలుస్తుంది. బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్ళండి.

1. ఏ దిక్కు చీకటి కావాలో తేల్చుకోండి

చాలామంది ఈ అంచె దాటేసి నేరుగా మ్యాప్ తెరుస్తారు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నగరానికి దగ్గర్లో నాలుగు దిక్కులా చీకటి ఉన్న చోటు దొరకదు. వెతికి లాభం లేదు. మీకు కావలసిన ఒక దిక్కు, దానితోపాటు నడినెత్తి చీకటిగా ఉంటే చాలు.

ఉత్తరార్ధగోళంలో ఉన్నవారికి పాలపుంతలో బాగా వెలిగే భాగం వృశ్చికం, ధనుస్సు రాశుల దగ్గర, దక్షిణం వైపు కనిపిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రాలు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లవారుజాము దానికి సమయం. అది చూడాలంటే మీరు నగరానికి దక్షిణంగా వెళ్ళాలి. అప్పుడు నగరం వెలుగు మీ వీపు వెనక, ఉత్తరాన ఉండిపోతుంది. అదే నగరానికి ఉత్తరాన ఎంత మంచి చోటు దొరికినా, పాలపుంత సరిగ్గా నగరం వెలుగు మీదే నిలబడుతుంది.

ఉల్కాపాతానికి ఒక దిక్కంటూ లేదు. సగం ఆకాశం విప్పారి కనిపిస్తే చాలు. సూర్యుడికి దగ్గరగా ఉన్న తోకచుక్కయితే పడమటి అంచు కావాలి, లేదా తూర్పు అంచు. ఎప్పుడు కనిపిస్తుందో దాన్ని బట్టి.

2. మ్యాప్‌లో సరైన పొర తెరవండి

లైట్ పొల్యూషన్ మ్యాప్ డాట్ ఇన్ఫో అనే సైటు ఉంది, ఉచితం. తెరవగానే ప్రపంచమంతా రంగులు కనిపిస్తాయి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

అందులో రెండు రకాల పొరలు ఉంటాయి. ఒకటి వీర్స్ పేరుతో ఉండేది. ఉపగ్రహం పైనుంచి చూసినప్పుడు నేల మీద ఎక్కడెక్కడ దీపాలు వెలుగుతున్నాయో అది చూపిస్తుంది. రెండోది వరల్డ్ అట్లాస్. ఒక చోట నిలబడి తల పైకెత్తితే ఆకాశం ఎంత వెలుగ్గా ఉంటుందో ఆ ఉపగ్రహం కొలతల నుంచే లెక్కగట్టినది. మీకు కావలసింది రెండోది.

తేడా ఏమిటంటే, నగరం పొలిమేర దాటగానే దీపాల్లేని పొలాలు వస్తాయి. మొదటి పొరలో ఆ పొలాలు నల్లగా కనిపిస్తాయి. "అబ్బ, పది కిలోమీటర్లకే చీకటి" అనుకుని బయల్దేరతారు. తీరా వెళితే నేల చీకటే, ఆకాశం మాత్రం తెల్లగా ఉంటుంది. నగరం దీపాలు పైకి చిమ్మిన వెలుగు గాలిలోని దుమ్ముకి, తేమకి తగిలి చుట్టుపక్కల పదుల కిలోమీటర్ల దాకా చెదురుతుంది మరి.

వరల్డ్ అట్లాస్ పొరలో ఏదైనా చోటు మీద నొక్కితే వచ్చే అంకెల్లో రెండు చూడండి. ఒకటి బోర్టెల్ తరగతి. జాన్ బోర్టెల్ 2001లో రూపొందించిన కొలబద్ద ఇది. 1 అంటే మచ్చలేని చీకటి, 9 అంటే నగరం నడిబొడ్డు. రెండోది ఎస్‌క్యూఎం అంకె, అంటే ఆకాశపు చీకటిని కొలిచే స్కై క్వాలిటీ మీటరు అక్కడ చూపించే అంకె. ఇది పెరిగేకొద్దీ చీకటి పెరుగుతుంది. నగరం మధ్యలో 17, 18 దగ్గర ఉంటుంది, సహజమైన చీకటి 22 దగ్గర ఆగిపోతుంది.

ఒక్కరాత్రి ప్రయాణానికి బోర్టెల్ 4 దొరికితే సంతోషంగా తీసుకోండి. 3 దొరికితే అదృష్టం. 5 అయినా తీసిపారేయకండి, నడినెత్తిన పాలపుంత లీలగా కనిపిస్తుంది. 1, 2 కోసం నగరాల దగ్గర వెతకడం కాలక్షేపమే.

మ్యాపుని పూర్తిగా నమ్మకూడదనడానికి మూడు కారణాలున్నాయి. ఆ ఉపగ్రహం తలమీదుగా పోయేది స్థానిక కాలం రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో. దుకాణాల బోర్డులు, హోర్డింగులు అప్పటికి చాలావరకు ఆరిపోయి ఉంటాయి. మీరు వెళ్ళేది ఎనిమిదింటికో తొమ్మిదింటికో కాబట్టి మ్యాప్ చెప్పినదానికంటే వెలుగు ఎక్కువే ఉంటుంది. రెండోది, దాని కెమెరాకి నీలి కాంతి కనిపించదు. పాత నారింజ దీపాలు తీసేసి తెల్ల ఎల్ఈడీలు పెట్టిన చోట మ్యాప్‌లో వెలుగు తగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆకాశం ఇంకా పాడై ఉండొచ్చు. మూడోది, వరల్డ్ అట్లాస్ ప్రచురితమైంది 2016లో. ఆ తర్వాత వచ్చిన లేఅవుట్లు, రింగురోడ్లు అందులో ఉండవు. అందుకే అట్లాస్ పొరలో చోటు ఎంచుకున్నాక, వీర్స్ పొరలో కొత్త సంవత్సరాలవి తిప్పి, చుట్టుపక్కల కొత్త మెరుపులు లేచాయేమో చూసుకోండి.

3. ఎంత దూరమో లెక్క వేసుకోండి

1977లో మెర్లే వాకర్ అనే ఖగోళ శాస్త్రవేత్త నగరాల వెలుగు కొలిచి ఒక సూత్రం చెప్పాడు. సూత్రం వదిలేద్దాం, దాని ఫలితం గుర్తుంటే చాలు. నగరం నుంచి దూరం రెట్టింపైతే, దాని వెలుగు సుమారు అయిదున్నర రెట్లు తగ్గుతుంది. అంటే 30 కిలోమీటర్ల దగ్గర ఉన్న వెలుగు 60 దగ్గరకి వెళితే అందులో ఆరోవంతుకి కాస్త అటూఇటూగా పడిపోతుంది. అక్కడి నుంచి ఇంకో 30 నడిపి 90 దగ్గరకి వెళితే, 60 దగ్గర ఉన్నదాంట్లో మూడోవంతుకి కాస్త పైన మిగులుతుంది. మొదటి 30 కిలోమీటర్లు ఇచ్చినంత లాభం తర్వాతి 30 ఇవ్వవు.

దీన్నుంచి నా సలహా ఏమిటంటే, నాలుగు గంటల దూరంలోని అద్భుతమైన చోటు కంటే గంటన్నర దూరంలోని ఫర్వాలేదనిపించే చోటు మేలు. మొదటిది ఏడాదికోసారి, రెండోది ప్రతి అమావాస్యకి. పైగా తెల్లవారుజామున నిద్రమత్తులో నాలుగు గంటలు డ్రైవింగ్ మంచిది కాదు.

నగరానికీ మీకూ మధ్య కొండల వరస ఉంటే లెక్క ఇంకా మీ వైపు మొగ్గుతుంది. ఆకాశపు అంచున నిలిచే వెలుగులో దట్టంగా ఉండే కింది భాగాన్ని కొండ మింగేస్తుంది. నగరం కంటే ఎత్తైన చోటు దొరికినా లాభమే, దుమ్ము, పొగ చాలావరకు కిందే ఉండిపోతాయి.

4. శాటిలైట్ వ్యూలో దగ్గరికి వెళ్ళి చూడండి

రంగుల మ్యాప్‌లో అయిదారు చోట్లు గుర్తుపెట్టుకున్నాక, వాటిని గూగుల్ మ్యాప్స్ శాటిలైట్ వ్యూలో పెద్దవి చేసి చూడండి. ఒక్క ఫ్లడ్‌లైటు చాలు, బోర్టెల్ 3 చోటుని పనికిరాకుండా చేయడానికి. టోల్ గేటు, క్వారీ, ఫ్యాక్టరీ, గిడ్డంగులు, సబ్‌స్టేషను, రిసార్టు, ఆటస్థలం, జైలు, విమానాశ్రయం వీటిలో ఏదైనా కిలోమీటరు రెండు కిలోమీటర్లలో ఉంటే ఆ చోటు కొట్టేయండి. లేదా మధ్యలో గుట్టో చెట్లగుంపో ఉందేమో చూడండి.

తర్వాత రోడ్డు చూడండి. మీరు కూర్చునే చోటు మెయిన్ రోడ్డుకి కనీసం అరకిలోమీటరు లోపలికి ఉండాలి. అంతకంటే ముఖ్యం, రోడ్డు మలుపులు. మలుపు తిరిగే ప్రతి బండి హెడ్‌లైటూ ఒక క్షణం సూటిగా మీ కళ్ళలో పడే చోటు ఎన్నుకున్నారంటే ఆ రాత్రి పోయినట్టే.

చెరువు గట్లు, జలాశయాల అంచులు మ్యాప్‌లో ఊరిస్తాయి, ఒక వైపు అంతా ఖాళీ కాబట్టి. అయితే నీటి పక్కన తేమ ఎక్కువ, అర్ధరాత్రి దాటాక లెన్సుల మీద మంచు పడుతుంది, అవతలి ఒడ్డు దీపాలు నీళ్ళలో మెరుస్తాయి. ఆనకట్టల మీదికైతే వెళ్ళనే వద్దు, భద్రతా సిబ్బందితో గొడవ.

ఒకవేళ మీ ప్రాంతంలో డార్క్‌స్కై ఇంటర్నేషనల్ సంస్థ గుర్తించిన పార్కో అభయారణ్యమో ఉంటే ఈ పని సగం తప్పుతుంది. 2001 నుంచి వాళ్ళు చీకటి ఆకాశాన్ని కాపాడుకునే చోట్లకి గుర్తింపు ఇస్తున్నారు, జాబితా వాళ్ళ సైట్లో ఉంటుంది. రాత్రి ప్రవేశానికి నియమాలు ఏమిటో మాత్రం ముందే కనుక్కోండి.

5. పగటిపూట ఒకసారి వెళ్ళి రండి

మొదటిసారే రాత్రి వెళ్ళకండి. మ్యాప్‌లో రోడ్డులా కనిపించింది గొర్రెల బాట కావచ్చు, ఖాళీ స్థలం అనుకున్నది ఎవరిదో పొలం కావచ్చు. పగలు వెళ్ళినప్పుడు ఇవి చూడండి:

- తల పైకెత్తి స్తంభాలు వెతకండి. దీపం బిగించిన ప్రతి స్తంభం రాత్రికి వెలుగుతుంది. పగలు దాన్ని ఎవరూ గమనించరు.
- మీకు కావలసిన దిక్కున చెట్లు, గుట్టలు ఎంత ఎత్తు ఉన్నాయి? చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. రెండు పిడికిళ్ళ కంటే ఎత్తు అడ్డం ఉంటే దక్షిణాన కిందికి ఉండే చుక్కలు పోతాయి.
- బండి తిప్పుకోవడానికి చోటుందా? నేల గట్టిదేనా, వానపడితే చక్రాలు దిగబడతాయా?
- ఫోన్ సిగ్నల్ వస్తోందా? రాకపోతే ఎంత దూరం వెనక్కి వస్తే వస్తుంది?
- స్థలం ఎవరిది? దగ్గర్లో ఉన్నవాళ్ళని అడగండి. "రాత్రి పూట నక్షత్రాలు చూడ్డానికి వస్తాం, మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగితే చాలామంది నవ్వుతూనే సరేనంటారు. రాత్రి కుక్కలు ఎటు తిరుగుతాయో, పాములు ఎక్కడుంటాయో, ఏ లైటు ఎన్నింటికి ఆరుతుందో కూడా వాళ్ళే చెబుతారు. ఏ యాపూ చెప్పని సమాచారం అది.

అడవిలోకి, రైల్వే స్థలంలోకి, సైనిక ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా రాత్రి అడుగుపెట్టకండి. ఇందులో రెండో మాట లేదు.

6. రాత్రినీ గంటనీ ఎంచుకోండి

వెన్నెల ఉంటే ఎంత మంచి చోటైనా నగరంలాగే ఉంటుంది. అమావాస్య నాడే వెళ్ళాలని లేదు, తిథి చూసి సమయం సర్దుకోవచ్చు. బహుళ అష్టమి ప్రాంతంలో చంద్రుడు అర్ధరాత్రికి గానీ ఉదయించడు. అక్కడి నుంచి అమావాస్య దాకా రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంటాడు. కాబట్టి సాయంత్రం చూసేవాళ్ళకి అమావాస్యకి ముందు వారమంతా పనికొస్తుంది. శుక్లపక్షంలో తదియ, చవితి దాకా కూడా ఫర్వాలేదు, నెలవంక రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. తెల్లవారుజామున చూసేవాళ్ళు దీన్ని తిరగేసుకుంటే సరి.

సూర్యుడు అస్తమించగానే చీకటి పడిపోదు. అంచు నుంచి 18 డిగ్రీలు కిందికి దిగితేనే పూర్తి చీకటి. భూమధ్యరేఖకి దగ్గరి ప్రాంతాల్లో దీనికి గంటా పావు అటూ ఇటూ పడుతుంది. ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ ఇంకా ఎక్కువ. 49 డిగ్రీల అక్షాంశం దాటితే వేసవి నడుమ కొన్ని రాత్రులు పూర్తి చీకటే ఉండదు. అర్ధరాత్రి దాటాక ఆకాశం ఇంకాస్త నల్లబడుతుంది, ఊళ్ళలో దీపాలు, రోడ్ల మీద బండ్లు తగ్గుతాయి.

వాతావరణం చూసేటప్పుడు "మేఘాలు లేవు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకండి. పైమేఘాలు, మధ్యమేఘాలు, కింది మేఘాలు విడివిడిగా చూపించే యాప్ చూడండి. పలుచటి పైమేఘం కంటికి ఆనదు గానీ పాలపుంతని తుడిచేస్తుంది. గాలి ఉష్ణోగ్రతకీ మంచుబిందు ఉష్ణోగ్రతకీ (గాలిలో తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) తేడా రెండు మూడు డిగ్రీలే ఉందంటే పొగమంచు రావచ్చు. వాన కడిగేసిన మర్నాటి రాత్రి తెరిపి ఇచ్చిందంటే అన్ని పనులూ మానుకుని బయల్దేరండి.

యాప్ లేకుండా తెలుసుకునే దారి ఒకటుంది. మధ్యాహ్నం ఏదైనా భవనం అంచు చాటున నిలబడి సూర్యుడు పూర్తిగా మరుగయ్యేలా చూసుకుని, ఆ పక్క ఆకాశం గమనించండి. సూర్యుడికి దగ్గర దాకా ముదురు నీలంగా ఉంటే రాత్రి గాలి శుభ్రంగా ఉంటుందన్న ఆశ పెట్టుకోవచ్చు. చుట్టూ పాలలా తెల్లగా పరుచుకుని ఉంటే దుమ్ము, తేమ ఎక్కువ. సూర్యుడి వంక మాత్రం నేరుగా చూడకండి.

7. చేరాక మొదటి అరగంట

పొద్దు ఉండగానే చేరుకోండి. బండిని బయటికి వెళ్ళే వైపు తిప్పి పెట్టండి, ఏ కారణానికైనా త్వరగా బయల్దేరాల్సి వస్తే వెనక్కి తిప్పే అవస్థ ఉండదు. లోపలి లైటు తలుపు తీసినా వెలగకుండా ముందే ఆపేయండి. రిమోట్‌తో లాక్ చేస్తే నాలుగు ఇండికేటర్లూ మెరుస్తాయి, తాళం చెవి వాడండి. ఎక్కడున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.

ఇక కళ్ళ సంగతి. చీకటికి బాగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈ మధ్యలో ఒక్కసారి ఫోన్ చూస్తే లెక్క మళ్ళీ మొదటికి. "ఆకాశం బాగాలేదు, ఏమీ కనిపించలేదు" అని తిరిగొచ్చేవాళ్ళని కాస్త గుచ్చి అడగండి. దిగిన పది నిమిషాల్లో ఫోటో తీసి, వాట్సాప్‌లో పెట్టి, రిప్లై వచ్చిందా అని చూస్తూ కూర్చున్నామంటారు. తప్పు ఆకాశానిది కాదు. ఆకాశ పటం యాప్ తప్పనిసరైతే అందులో ఎర్ర రంగు నైట్ మోడ్ పెట్టి, వెలుగు అట్టడుగుకి తగ్గించండి.

నడిచేటప్పుడు మాత్రం మొహమాటం వద్దు, తెల్ల టార్చి నేలకి వేసుకునే నడవండి. కాలి కింద ఏముందో తెలియడం నక్షత్రాల కంటే ముఖ్యం. ఆకుపచ్చ లేజర్ పాయింటర్‌ని విమానాల వైపు ఎప్పుడూ తిప్పకండి. పైలట్ల కళ్ళు చెదురుతాయి, చాలా దేశాల్లో అది నేరం.

8. చోటు ఎంత చీకటో పరీక్షించండి

కళ్ళు అలవాటు పడ్డాక చేసే పని ఇది. ఆ కాలంలో ఏది కనిపిస్తే దానితో చేయండి.

కృత్తికలు, మన పల్లెల్లో పిల్లలకోడి అనేవి, పైకి వచ్చి ఉంటే లెక్కపెట్టండి. ఆరు చుక్కలు విడివిడిగా తెలిస్తే ఓ మోస్తరు ఆకాశం. ఏడు, ఎనిమిది దాటితే మంచి చీకటి, మంచి కళ్ళు కూడా. మసక ముద్దలా కనిపిస్తే ఇంకా నగరం నీడలోనే ఉన్నారు, లేదంటే కళ్ళద్దాల పవర్ మారింది.

పూర్వాభాద్ర రెండు చుక్కలు, ఉత్తరాభాద్ర రెండు చుక్కలు కలిసి ఆకాశంలో పెద్ద చదరం గీస్తాయి. అక్టోబరు, నవంబరు సాయంత్రాలు బాగా కనిపిస్తుంది. ఆ చదరం లోపల ఒక్క చుక్కా లేదంటే చోటు పనికిరాదు. లోపల నాలుగైదు తేలుతున్నాయంటే బాగుంది. అక్కడికి కాస్త అవతల ఆండ్రోమెడా గెలాక్సీ ఉంటుంది, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. సూటిగా చూడకుండా, దాని పక్కన చూస్తూ కంటి కొసతో పట్టుకోండి. టెలిస్కోపు లేకుండా, బైనాక్యులర్ లేకుండా పొగ మరకలా కనిపించిందంటే చోటు నెగ్గింది.

పాలపుంత పైకి వచ్చే కాలంలో అయితే దాన్నే అడగండి. ఉందా లేదా అనిపించేలా ఉంటే బోర్టెల్ 5. నిలువునా మధ్యలో నల్లటి చీలిక స్పష్టంగా తెలిస్తే 4 గానీ 3 గానీ. బోర్టెల్ కొలబద్ద ప్రకారం 1వ తరగతి చోట్లలో వృశ్చికం, ధనుస్సు దగ్గరి పాలపుంత నేల మీద నీడలు కూడా వేస్తుంది. నగరం దగ్గర మనకి ఆ ముచ్చట తీరదు.

ధ్రువ నక్షత్రం కూడా ఉండే లఘు సప్తర్షి మండలంలో ఏడు చుక్కలూ కనిపించాలన్న పరీక్ష చాలా చోట్ల రాస్తారు. ఉత్తరాన ఉండే దేశాలకి అది బాగా పనికొస్తుంది. భూమధ్యరేఖకి దగ్గరవాళ్ళకి ధ్రువ నక్షత్రమే కిందికి, దుమ్ములో ఉంటుంది కాబట్టి చోటు మంచిదైనా పరీక్ష తప్పుతుంది.

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష మేఘం. ఒకటో రెండో మేఘాలు ఉన్న రాత్రి చూడండి. నగరం వెలుగు సోకే చోట మేఘం ఆకాశం కంటే తెల్లగా, నారింజగా వెలుగుతుంది. నిజమైన చీకట్లో మేఘం కనిపించదు. చుక్కల మధ్య నల్లటి కన్నం పడ్డట్టు, అక్కడ చుక్కలు లేకపోవడం వల్లే అది ఉందని తెలుస్తుంది.

ఇప్పుడు అంచులు. నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ ఏ దిక్కున వెలుగు గుమ్మటం లేచిందో, ఎన్ని పిడికిళ్ళ ఎత్తు ఉందో కొలవండి. ఒకటి రెండు పిడికిళ్ళైతే సర్దుకుపోవచ్చు. మూడు దాటి నడినెత్తి వైపు పాకుతోందంటే ఇంకా దూరం వెళ్ళాలి. పొద్దుగూకాక పడమట, తెల్లవారే ముందు తూర్పున, కోసుగా పైకి లేచే తెల్లటి వెలుగు కనిపిస్తే అది ఊరు అనుకుని నిరాశపడకండి. సూర్యుడి చుట్టూ తిరిగే దుమ్ము మీద పడిన ఎండ అది. అది కనిపించిందంటే చోటు మంచిదన్నమాటే. ఊరి వెలుగు గంటలు గడిచినా అక్కడే ఉంటుంది, ఇది కిందికి దిగిపోతుంది, లేదా ఉదయకాంతిలో కలిసిపోతుంది.

ఫోన్ కెమెరాతోనూ పోల్చొచ్చు. స్టాండ్ మీద పెట్టి, ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 1600, 15 సెకన్లు పెట్టి నాలుగు దిక్కులా ఒకే సెట్టింగుతో తీయండి. ఆటో మోడ్‌లో తీస్తే ఫోనే వెలుగు సర్దేస్తుంది, అన్నీ ఒకేలా వస్తాయి, పోలిక చెడుతుంది. ఈ పని చివర్లో పెట్టుకోండి, స్క్రీన్ చూశాక కళ్ళు మళ్ళీ అలవాటు పడాలి కదా. ఎస్‌క్యూఎం మీటరు ఉన్నవాళ్ళు నడినెత్తికి గురిపెట్టి నాలుగైదు సార్లు తీసి సగటు చూసుకోండి. పాలపుంత నడినెత్తిన ఉంటే అంకె కాస్త తగ్గుతుంది, కంగారు పడొద్దు.

9. రాసిపెట్టుకోండి

తేదీ, గంట, చుక్కల లెక్క, ఏ దిక్కున ఎంత వెలుగు, గాలిలో దుమ్ము, తేమ. నాలుగు వాక్యాలు చాలు. ఒక్క రాత్రిని బట్టి చోటుని కొట్టేయకండి, ఆ రాత్రి గాలి బాగుండకపోవచ్చు. రెండు వేర్వేరు రాత్రులు ఒకేలా పాడుగా ఉంటే అప్పుడు వదిలేయండి.

కారు లేనివాళ్ళు, దూరం పోలేనివాళ్ళు

నగరం అంచున ఉన్న బంధువుల ఊరి డాబా, తెలిసినవాళ్ళ తోట ఉన్నాయేమో ఆలోచించండి. రాత్రికి అక్కడే ఉండిపోవచ్చు కాబట్టి తెల్లవారుజాము డ్రైవింగ్ టెన్షన్ కూడా ఉండదు. ఖగోళ క్లబ్బులు నెలకోసారి వెళుతుంటాయి, వాళ్ళతో ఒకసారి వెళితే చోటూ తెలుస్తుంది, తోడూ దొరుకుతుంది.

అదీ కుదరకపోతే మీ మేడ మీదే, దీపాలు నేరుగా కళ్ళలో పడని మూల వెతకండి. నీళ్ళ ట్యాంకు నీడ, మెట్ల గది గోడ చాటు లాంటివి. ఆకాశం వెలుగు తగ్గదు గానీ కళ్ళు అలవాటు పడే అవకాశం దొరుకుతుంది, వీధిలో నిలబడి చూసినదానికంటే ఎక్కువ చుక్కలే కనిపిస్తాయి. తలమీద నల్ల గుడ్డ కప్పుకుని బైనాక్యులర్‌తో చూస్తే ఇంకా నయం. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనన్న బెంగ ఉంటే ముందే వాళ్ళనీ పిలిచి ఒకసారి చూపించండి. వాళ్ళ బాల్కనీ లైటు ఆపమని అడగడం కూడా తేలికవుతుంది.